మూడో తీగ

నిన్న మా ఫ్రిజ్ చూడడానికి వచ్చిన మెకానిక్, నేను వద్దంటున్నా వినకుండా, ప్లగ్గుకున్న మూడో పుల్లను పట్టకారుతో విరిచి పారేశాడు. మేము వాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు రెండే కన్నాలున్నాయట. ఎనభై దాటిన నోటికి అదుపెక్కడిది, నాలుగు మాటలు అనేశాను. అప్పటినుంచి మా వదిన నా కళ్లముందు నుంచి కదలడం లేదు.

నిజాం రోజులు పోయిన నాలుగైదేళ్లకు నేను ఆబిడ్స్‌లో ఒక కరెంటు సామాన్ల దుకాణంలో వైరింగు పని నేర్చుకుంటున్నాను. మెదక్ వైపు పల్లె నుంచి నన్ను తెచ్చి సాకింది, గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ఆఫీసులో చప్రాసీగా చేసే మా అన్నా, మా వదినా. నాంపల్లి స్టేషను వెనక కిరాయి గది, ముందు షాబాదు బండలు పరిచిన చిన్న వాకిలి, అదే మా ఇల్లు. పని నేర్పే మా ఉస్తాదు ఎక్కడ ఫ్యాను పెట్టినా పెరట్లో గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ పోసి, ఇనుప గొట్టం దింపి, దారితప్పిన కరెంటు మనిషికి తగలకుండా నేలలోకి పోయేలా, ఆకుపచ్చగా ఉండే మూడో తీగను, అదే ఎర్తు తీగను, దానికి కట్టందే కదిలేవాడు కాదు. "గా తీగ దినాం పనిజెయ్యదురా. పనిజేసే దినం ఒక్కటే వస్తది, గా దినం అది లేకుంటే మనిషి ఉండడు" అనేవాడు. ఆ పాఠం నేను ఎన్ని ఇళ్లలో అప్పజెప్పానో లెక్కలేదు.

ఆ ఎండాకాలం వదిన ఒళ్లంతా చెమటకాయలు. "ఏం పిలగా, ఊరందరికి గాలి పెడ్తవు, మనింట్ల పెట్టవా?" అని రోజూ ఎకసెక్కాలాడేది. చివరికి ఉస్తాదు ఒక పాత ఇనుప టేబుల్ ఫ్యానిచ్చి, ముందు గుంత తవ్వుకోమన్నాడు. మా గదిలో ఉన్నది రెండు తీగల బల్బు హోల్డరు ఒక్కటే, వాకిట్లో గుంతకు గది కిరాయికిచ్చిన ఇంటాయనను అడగాలి, ఆయన ఊళ్లో లేడు. వచ్చే ఆదివారం చూద్దాంలే అనుకుని, నా చేతులతోనే ఆకుపచ్చ తీగను కత్తిరించి, టేపు చుట్టి, మిగిలిన రెంటినీ హోల్డరుకు తగిలించాను. గాలి ముఖానికి తగలగానే వదిన నవ్విన నవ్వు చూసి, నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను.

పొద్దు వాలగానే కాలిన బండల మీద నీళ్లు చల్లి, చల్లబడ్డాక మంచం వేసుకోవడం అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే, మీకూ గుర్తుండే ఉంటుంది. వదిన అడిగిందని తీగకు తీగ అతికి ఫ్యాను వాకిట్లోకి వచ్చేలా చేసిందీ నేనే. నాలుగు ఆదివారాలు గడిచాయి. ఇంటాయన తిరిగొచ్చాడు, అడిగితే సరేనన్నాడు కూడా. ఆ నాలుగో ఆదివారం నేను సినిమాకు పోయాను.

తిరిగొచ్చేసరికి వాకిలి నిండా జనం. తడి ఆరని బండల మీద వదిన పడి ఉంది. "నీళ్లు జల్లి, గా తడి చేతుల్తోనే ఫ్యాను జరుపవోయింది బిడ్డా" అని పక్కింటి అవ్వ ఏడ్చింది. దవాఖానకు తీసుకుపోయాం గానీ, అప్పటికే అయిపోయిందన్నారు.

అందరూ ఆమె రాత అన్నారు. పలకరించడానికి వచ్చిన ఉస్తాదు హోల్డరు దగ్గర నిలబడి టేపు చుట్టిన చోటు చూశాడు, నన్ను చూశాడు, వెళ్లిపోయాడు. అన్న మాత్రం వచ్చినవారందరికీ చెప్పాడు: "నా తమ్ముడు తెచ్చిన ఫ్యాను కింద నెలరోజులన్న సుఖంగ కూసున్నది." ఆ మాట నేను భరించలేకపోయాను, ఇప్పటికీ భరించలేను.

ఇప్పుడు ప్రతి గోడకూ మూడు కన్నాలుంటున్నాయి, కాలం బాగుపడిందనే అనుకునేవాణ్ణి. నిన్న నా గొడవ పడలేక మెకానిక్ గోడ బోర్డు విప్పి చూపించాడు. "మూడో కన్నమైతే ఉన్నది తాతా, దానెన్కల తీగనే లేదు. ఉత్త చూపుకే పెట్టిన్రు" అన్నాడు. అతణ్ణి అనడానికి నేనెవరిని? వదిన పోయాక అన్నే వండేవాడు. ఆయన పోయేదాకా ఎదురుగా కూర్చుని ఆ అన్నం తిన్నాను, తీగ కోసింది నేనేనని ఒక్కనాడూ చెప్పలేకపోయాను.