ఇంజను చెవి, నబీ సాబ్ చెయ్యి

అచ్చంపేట బస్టాండు వెనక రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసే నబీ సాబ్‌కు యాభై ఎనిమిదేళ్లు. మనిషి బక్కపలచన, చేతులు మాత్రం పహిల్వానువి. ఆయన ఒకసారి బిగించిన నట్టు వదులైందన్న మాట ఆ తాలూకాలో ఎవరూ వినలేదు. అంతటి పట్టు ఆయనకు ఊరికే రాలేదు.

పుట్టింది బిజినేపల్లిలో. అక్కడే ట్రాక్టర్ల పని నేర్చాడు. ఇరవై రెండేళ్ల వయసులో ఆయన బిగించిన ట్రాలీ చక్రం నట్లు వదులై, చక్రం ఊడి, పల్లికాయ బస్తాలతో సహా ట్రాలీ కాలువలో పడింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ట్రాలీ రైతు ఒక్క మాట కూడా అనకుండా తడిసిన బస్తాలు ఎత్తుకుంటుంటే నబీ సాబ్‌కు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి ఏ నట్టునైనా చేతనైనంత తిప్పి, ఆపైన పానాకు ఇనుప పైపు తొడిగి ఇంకో రెండు చుట్లు తిప్పితే గానీ ఆయనకు అన్నం సయించేది కాదు. పెళ్లయి అచ్చంపేటకు వచ్చినా ఆ పైపు వెంట వచ్చింది.

జూన్ మొదటి వారంలో యమున తన కారు తెచ్చింది. యమునకు ముప్పై దాటాయి. డ్రైవింగు నేర్చుకుని పాత పెట్రోలు కారొకటి కొనుక్కుంది. బడులు తెరవగానే నలుగురు టీచర్లను రోజూ గుట్ట మీదున్న మన్ననూరుకు దింపి తెచ్చే పని దొరికేలా ఉంది. ఆ టీచర్ల తరఫున నవనీత టీచర్ తేల్చి చెప్పింది: "సోమవారం ఒక్కరోజు చూస్తమమ్మా. గుట్ట మంచిగ ఎక్కితె నీదే, లేకుంటె వేరే బండి చూసుకుంటం."

ఆ కారేమో గుట్ట పేరు చెబితేనే నీరుగారిపోతోంది.

"చాచా, ఎక్కుడు వస్తె టకటక అంటుంది. ఇంజను లైటు వెలిగింది. అప్పటిసంది గుంజుతనే లేదు. పెట్రోలు గూడ ఎక్కువ తాగుతుంది," అంది యమున.

నబీ సాబ్ స్కానరు తగిలించి చూశాడు. నాక్ సెన్సరు అని చూపించింది. సెన్సరు మీద వేలు పెట్టి పాఠం మొదలుపెట్టాడు. పాఠం చెప్పడమంటే ఆయనకు బిర్యానీ తిన్నంత ఇష్టం.

"గిది ఇంజను చెవి బిడ్డా. లోపట పెట్రోలు మంట పద్ధతిగ అంటుకోవాలె. వేడి ఎక్కువైనా, పెట్రోలు మంచిది గాకున్నా అడ్డదిడ్డంగ పేలుతది. గదే టకటక. గట్ల పేలుకుంట పోతె పిస్టన్ ఖరాబైతది. గీ చెవి లోపట చిన్న బిళ్ల ఉంటది. ఇంజను అదిరితె ఆ బిళ్లల కొంచెం కరెంటు పుడతది. కంప్యూటర్ గది చూసి, నిప్పురవ్వను జర ఆలస్యం చేస్తది. టకటక బందయితది."

"మరి గుంజుతలేదేంది?"

"చెవి పనిచేస్తలేదు కదా! కంప్యూటర్‌కు ఏం వినవడుతలేదు. ఎందుకైనా మంచిదని పొద్దంత రవ్వను ఆలస్యమే చేస్తుంది. గందుకే బలం లేదు, పెట్రోలు దండగ."

చెప్పింది చెప్పినట్టు నిజమే. లైటు వెలగగానే సెన్సరు మార్చేసే రకం కూడా కాదాయన. పెట్రోలు చూశాడు, ఆయిలు చూశాడు, వైరు ఎక్కడైనా తెగిందేమో వేళ్లతో తడిమాడు. అన్నీ బాగున్నాయి. సెన్సరు ఒంటికే పగులు కనిపించింది. కొత్తది తెప్పించి, ఊడకుండా కింద ఒక స్ప్రింగ్ వాషరు కూడా వేసి, పైపు తొడిగి తన పద్ధతిలో బిగించాడు. లైటు ఆరిపోయింది. యమున చాచాకు దండం పెట్టి వెళ్లింది.

మూడో రోజు లైటు వెలిగింది. కంపెనీ పీసు మంచిది కాదని నబీ సాబ్ ఇంకోటి వేశాడు. మొదటిది వదులైందేమోనన్న అనుమానంతో ఈసారి ఇంకో అర చుట్టు తిప్పాడు. అది మర్నాడే పోయింది.

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు కారు, కారు ముందు యమున.  "చాచా, సోమవారం పోతె మళ్ల రాదు," అంది. నబీ సాబ్‌కు చాలా ఏళ్ల తర్వాత ఆ తడిసిన బస్తాలు కళ్లముందు కదిలాయి. ఊడదీసిన రెండు సెన్సర్లూ జేబులో వేసుకుని నాగర్‌కర్నూల్ బస్సెక్కాడు.

అక్కడ ఆయన సామాను తెప్పించుకునే స్పేరు పార్టుల దుకాణం సుహాసినిది. పానా చేత పట్టి ఎరగదు గానీ, డబ్బాల్లో వచ్చే కాగితాలన్నీ పరీక్షకు చదివినట్టు చదువుతుంది. నబీ సాబ్ సెన్సర్లను బల్ల మీద టపటపా పడేశాడు.

"సుహాసినమ్మా, నకిలీ మాల్ అమ్ముతున్నవా ఏంది?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. ఒకదాన్ని తీసి వెలుతురుకు పెట్టి చూసింది. బోల్టు కూర్చునేచోట ఇనుము నొక్కుకుపోయింది, చుట్టూ వెంట్రుకంత చీలిక.

"దీని కింద వాషర్ ఏసినవా చాచా?"

"ఏసిన. ఊడొద్దు కదా!"

"ఎంత గట్టిగ బిగించినవు?"

నబీ సాబ్ ఛాతీ విరిచాడు. "పైపు తొడిగి బిగించిన. ఏనుగొచ్చినా ఇప్పలేదు."

సుహాసిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "చాచా, చెవి చెవి అని అందరికి నువ్వే చెప్తవు. మరి చెవిని గట్ల పిండితె ఏం వింటది?"

కొత్త సెన్సరు డబ్బాలోని కాగితం విప్పి చూపించింది. బోల్టు బొమ్మ, పక్కన ఎంత బిగించాలో చెప్పే ఇరవై అన్న అంకె. అంతకు మించి బిగిస్తే లోపలి బిళ్ల పగులుతుంది, లేదా తప్పుగా వింటుంది. తక్కువైతే అదురు అందదు. కింద వాషరు గానీ మట్టి గానీ ఉండకూడదు, ఇంజను ఇనుముకే అది నేరుగా ఆనాలి. పగిలినా, ప్లగ్గులో చిలుమెక్కినా, పరీక్షలో కరెంటు పుట్టకపోయినా మార్చాలి. బాగుంటే ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా ముట్టుకోనక్కరలేదు.

"కంపెనీ తప్పేం లేదు చాచా," అంది సుహాసిని మెల్లగా. అద్దాల బీరువాలోంచి, రెండేళ్లుగా ఎవరూ కొనని, బిగింపు కొలిచే టార్క్ రెంచి తీసి ఆ సెన్సరుతో పాటు చేతిలో పెట్టింది. "ఇరవై కాడ పెట్టిన. టక్కుమంటది. అన్నంక ముట్టద్దు. పనైనంక తెచ్చియ్యి."

తిరుగు బస్సులో నబీ సాబ్ కిటికీ పక్కన కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తనకంటే సగం వయసున్న పిల్ల, గ్రీజు అంటని చేతుల పిల్ల చెప్పింది. చెప్పింది సరైనదే కావడం ఇంకా బాధగా ఉంది.

శనివారం ఇంజను ఇనుమును గుడ్డతో అద్దంలా తుడిచాడు. కొత్త సెన్సరు పెట్టి, బోల్టు వేసి, రెంచి తిప్పాడు. టక్. అప్పుడేనా? చిన్నపిల్లలు సైకిలు గంట బిగించినంత కూడా కాలేదు. ఇది ఊడితే? కుడిచెయ్యి దానంతటదే మూలనున్న పైపు వైపు పోయింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు. ఇంకాసేపు అక్కడుంటే ఆగలేనని తెలిసి, షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి భార్య తాజ్‌బీ చేతికిచ్చి, "రేపటి దాంక నాకు ఇయ్యకు," అన్నాడు.

ఆదివారం కారును గుట్ట ఎక్కించి చూడాలనుకున్నారు. నలుగురు టీచర్ల బరువు ఉండాలి కదా! తాజ్‌బీ తన ఇద్దరు అక్కలను పిలిచింది. వాళ్లిద్దరు ముగ్గురితో సమానం. యమున నడుపుతుంటే కారు హాజీపూర్ దాటి గుట్ట మొదలుపెట్టింది. అక్కలు వెనకసీటులో వక్క నములుతూ అడవిని మెచ్చుకుంటున్నారు. నబీ సాబ్ మాత్రం బోల్టు ఊడిపడే చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాడు.

"ఏంది జీ, ఎవలన్న సచ్చినట్టు ముఖం పెట్టిన్రు?" అంది తాజ్‌బీ.

ఆ చప్పుడు వినపడలేదు. టకటకా వినపడలేదు. లైటు వెలగలేదు. కారు ఆ బరువునంతా మోసుకుని హాయిగా మన్ననూరు చేరింది.

సోమవారం సాయంత్రం నబీ సాబ్ బస్టాండు హోటల్లో చాయ్ తాగుతుంటే యమున పరుగున వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"చాచా! టీచర్లు ఒప్పుకున్నరు! యాడాది మొత్తం నన్నే రమ్మన్నరు!" అని, హోటలంతా వినేలా చెప్పింది. "కంపెనోళ్లు రెండుసార్లు ఖరాబు మాల్ పంపిన్రు. చాచా చెయ్యి గట్టిది గాబట్టి మూడోసారికి నిలవడ్డది!"

పదిమంది తలలూపారు. నబీ సాబ్ చెయ్యంటే మాటలా, అన్నారొకరు. ఊరుకుంటే సరిపోయేది. ఒక చిరునవ్వు నవ్వితే పేరు పదిలం. కానీ ఆయనకు మనసొప్పలేదు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

"కంపెనీ తప్పు లేదు బిడ్డా. ఆ రెండు నేనే పగలగొట్టిన. అతి గట్టిగ బిగించిన. మొన్న మెల్లగ బిగిస్తె నిలవడ్డది. అది గూడ నాకు తెల్వదు, సుహాసినమ్మ నేర్పింది. నీ పని నా చేతులనే పోతుండె. మాఫ్ చెయ్యి."

హోటలంతా ఆయన వైపే చూసింది. ముప్పై ఏళ్ల పేరు ఇక్కడితో సరి అనుకుని ఆయన తలవంచుకున్నాడు. యమున ఏదో అనబోయేలోపు మూలబల్ల దగ్గర రైతు పెంటయ్య గొంతు సవరించుకున్నాడు.

"నబీ భాయ్, నువ్వే అన్నవు గాబట్టి ఒక మాట. బురద దున్నేటందుకు నా ట్రాక్టర్‌కు ఇనుప చక్రాలు బిగించినవు గదా? యాడాది సంది అవి ఊడుతలేవు. అవి పెట్టుకొని రోడ్డెక్కితె రోడ్డు పగులుతది, పోలీసు సార్లు ఊకుంటరా? బండి పొలంకాడనే పండుకున్నది."

"నా కుర్చీ తిరుగుతలేదు," అన్నాడు పక్కనున్న మంగలి. "గిరాకి చుట్టు నేనే తిరుగుతున్న."

"నా గ్రైండర్ మూత..." అని హోటలు యజమాని మొదలుపెట్టాడు. మాట పూర్తి కాకముందే హోటలంతా నవ్వులతో ఊగిపోయింది. యమున కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. నబీ సాబ్ నోరు తెరుచుకుని ఒక్కొక్కరి ముఖం చూశాడు.

"గిన్నొద్దులు ఎందుకు చెప్పలేదురా?"

"ఎట్ల చెప్తం?" అన్నాడు పెంటయ్య. "నువ్వంత మనసుపెట్టి బిగిస్తివి. నీకు నొస్తదని చెప్పలే."

నబీ సాబ్ బెంచీ మీద కూర్చుండిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పెదవుల మీద నవ్వు ఆగలేదు.

తెల్లవారి నబీ సాబ్ పెంటయ్య పొలానికి వెళ్లాడు. ట్రాక్టరు ఇనుప చక్రాల మీద నల్లరేగట్లో నిలబడి ఉంది. నట్టుకు నూనె పోసి, పానా పెట్టి లాగాడు. కదల్లేదు. పైపు తొడిగాడు. కదల్లేదు. పెంటయ్య పట్టాడు, ఆయన కొడుకు విజయ్ పట్టాడు, పక్క పొలం రైతు కూడా వచ్చి పట్టాడు. నలుగురూ కలిసి మూడుసార్లు గుంజి, గట్టు మీద కూలబడ్డారు. నబీ సాబ్ చెమట తుడుచుకుని, ఆ నట్టు వైపు చూసి, తన్నుకొచ్చే నవ్వు ఆపుకోలేక అడిగాడు:

"ఎవడ్రా గింత గట్టిగ బిగించింది?"