నాలుగు రోజులు నానని ముక్కలు

ఏడేళ్లుగా ఒక మాట దాచుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు నా పేరు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

రాజాం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేశాను. నా పని ఒక మెగ్నీషియం మిశ్రమ లోహం మీద. చమురు బావుల గొట్టాల్లో అడ్డంగా బిగించే బిరడాలు దానితో చేస్తారు. ఉప్పునీటిలో అది కొన్నాళ్లు ఒత్తిడికి ఆగాలి, పని అయ్యాక తనంతట తనే కరిగిపోవాలి. నాలుగు రోజులు ఆగుతుందని నేను చూపించాలి.

ఆగలేదు. ల్యాబ్ ఆపరేటర్ సింహాచలం బాబాయ్ రాని ఒక ఆదివారం, ఉప్పునీటిలో నాలుగు రోజులు నానిన ముక్కల్ని, ఎంత బరువుకు తెగుతాయో లాగి చూసే మిషన్‌కి నేనే బిగించి లాగాను. ఆగాల్సిన బరువులో సగానికే తెగిపోయాయి. నాకు భయం వేసింది. భయమేనా, లేక పట్టా మీద ఆశా? ఇప్పటికీ తేల్చుకోలేను. విరిగినవి పారేశాను. సోమవారం, ఒక్కరోజే నానిన ముక్కల మీద ‘నాలుగు’ అని రాసి బాబాయ్ చేతికిచ్చాను. ఆయన ఎప్పటిలాగే శ్రద్ధగా లాగాడు. అంకెలు చక్కగా వచ్చాయి.

ఆ అంకెలు నమ్మి విజయనగరం వైపు ఒక కంపెనీ బిరడాలు పోత పోసింది. షెడ్డులో పరీక్ష పెట్టిన మూడో రోజున ఒకటి పగిలి ఎగిరింది. ఒక ఫిట్టరుకు కన్ను పోయింది.

విచారణకు వచ్చినవాళ్లు అడిగితే, మిషన్ ఎక్కువ చూపించిందేమో అన్నాను. ఆ ‘ఏమో’ చాలింది. మళ్లీ సరిచూస్తే మిషన్ బాగానే ఉంది. ఆ రోజు సెట్టింగు తప్పి ఉంటుందని రాసుకున్నారు. అది చూసుకోవలసింది బాబాయ్. ఆయన్ని తీసేశారు.

వెళ్లే రోజు టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ అడిగాడు.

“నా సెయ్యే తప్పిందేటి పాపా? నిజం సెప్పు.”

“అయ్యుంటుంది బాబాయ్.”

“ఆడి కన్ను నా వల్లే పోనాది, అయితే.”

నేను మిషన్ వైపు తిరిగాను.

ఇప్పుడు ఆయన అరసవల్లిలో ఒక లాడ్జికి వాచ్‌మన్. మొన్న కనిపించాడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. అక్కడి కుళాయి వాషర్ మార్చాక, సరిగ్గా బిగించానో లేదో చూడమని పక్కవాణ్ణి పిలిచాడు. ఇరవై ఏళ్లు మిషన్ నడిపిన మనిషి తన చేతుల్ని తానే నమ్మడం మానేశాడు. నేను టీ తాగి వచ్చేశాను.

నేను మాత్రం అదే ల్యాబ్‌లో పాఠం చెబుతున్నాను. నోరు విప్పితే పట్టా పోతుంది, ఉద్యోగం పోతుంది. విప్పకపోతే రోజూ పొద్దున్నే ఆ మిషన్ స్విచ్ వేయాలి. ఆ ఫిట్టరు పేరైనా నేను కనుక్కోలేదు. ఎందుకు కనుక్కోలేదు? పేరు తెలిస్తే వెళ్లి నిలబడాల్సి వస్తుందనే కదా.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సినవాళ్లు మీరు కాదు.

మిషన్ సరిగ్గానే పనిచేసింది. ముక్కలు మార్చింది నేను. ఈ రెండు మాటలూ ఇంతవరకు కాగితం మీద పెట్టలేదు. పెట్టాక, కాస్త ఊపిరి ఆడుతోంది.