అంగ్రుప్ ఇంటి గొట్టంలో పొగ ఆగిన రోజు

మా అన్న అంగ్రుప్ కోడలు పల్మో సాధించిన తొలి విజయం మా ఇంట్లో రెండో పొయ్యిని ఆర్పించడం. అందుకు ఆమెకు మూడు శీతాకాలాలు పట్టింది. లాహౌల్ లోయలో ఇంకే కోడలి వల్లా ఈ పని కాలేదు, నేనెరుగుదును.

ఆ ఇనప పొయ్యి చుట్టాల గదిలో ఉండేది. మంచు కురిసే నెలల్లో ఏ చుట్టమూ రాడు. అయినా పొద్దున్నే వెలిగించాల్సిందే. ఇంటి మీద రెండు గొట్టాలు పొగ కక్కితేనే పరువని మా అన్న నమ్మకం.

"మామయ్యా, ఆ గదిలో ఎవరు చలి కాచుకుంటున్నారు?"

"గోడలు."

"పాపం, వాటినీ ఇటే రమ్మనండి. అందరం కలిసి టీ తాగుదాం."

మూడో ఏడు పల్మో వాదించడం మానేసి, బార్లీ కల్లు కుండను వంటగదిలోకి మార్చింది. కుండ వెంటే అన్నా వచ్చేశాడు. ఆ పొయ్యి మళ్ళీ వెలగలేదు.

ఇక రెండో విజయం. సర్కారు కట్టెల డిపో నుంచి వచ్చే పచ్చి కట్టెలు చూసి ఆమె అన్న మాట మా ఊళ్ళో సామెతైపోయింది: "నీళ్ళకు డబ్బిచ్చి, ఆ నీళ్ళు కొండెక్కించడానికి జీపుకి కిరాయిచ్చి, వాటిని ఆవిరి చేయడానికి ఇంకో కట్టె కాల్చడమా?" గట్టు మీది విల్లో కొమ్మలు కొట్టి, చీల్చి, రెండు వేసవులు మిద్దె మీద ఎండబెట్టింది. పొయ్యి పక్కన నీళ్ళు కాగేవి, పైన రొట్టె కాలేది, గొట్టం చుట్టూ సాక్సులు ఆరేవి. గ్యాసు బండ ఓ మూలన ముసుగు తన్ని పడుకుంది.

అయినా ఆమె మనసు ఇంకోచోట ఉంది. పల్మో మొగుడు రోడ్డు మీద మంచు తోసే యంత్రం నడుపుతాడు, చలికాలమంతా ఇంటికి రాడు. అయిదేళ్ళ కిందట అతను మంచు పెళ్ళల కింద పడి బతికి బయటపడ్డప్పుడు, కొండల కింద మా బౌద్ధుల తీర్థం రెవాల్‌సర్ సరస్సు దగ్గర దీపం పెడతానని ఆమె మొక్కుకుంది. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. ఈ ఏడు చలికాలం చివర వచ్చే ఫాగ్లీ పండగ కాగానే ఊరి ఆడవాళ్ళు అక్కడికి బయల్దేరుతున్నారు.

"నువ్వు పోతే పొయ్యి ఎవరు చూస్తారు?" అన్నాడు అన్న. చివరికి కట్టెల దొంతి వెనక గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. "పండగనాటికి దొంతి దీనికి పైనుంటే వెళ్ళు. కిందికి దిగిందా, మళ్ళీ ఆ మాటెత్తకు."

పందెం కట్టినవాడే దొంగాట మొదలుపెట్టాడు. ఆమె పశువుల కొట్టంలోకి వెళ్ళగానే గొట్టంలో మంటను అదుపుచేసే రేకు బార్లా తెరిచి కట్టెలు కుక్కేవాడు. గొట్టం ఎర్రబడేది.

"ఇదేంటి మామయ్యా, ఇంత వేడి!"

"ముసలి ఎముకలే తల్లీ, మాట వినవు."

దొంతి గీతకు బెత్తెడు దూరంలోకి వచ్చింది. పల్మో రేకు వారగా మూసి, దాన్ని తిప్పే పిడి ఊడబీకి నడుముకి కట్టిన గుడ్డలో దోపుకుంది. ఎండు కట్టె, సన్న మంట. పొగన్నది కనబడితే ఒట్టు.

అప్పుడే మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. ఫోన్లు మూగబోయాయి. నది అవతలి ఒడ్డున మా వదిన తమ్ముడు తోబ్దన్ ఉంటాడు. రోజూ పొద్దున్నే మా గొట్టం చూసి అసూయపడటం అతనికి అలవాటు. మూడు రోజులు పొగ లేదు. మా దగ్గర పొయ్యి వెలగని ఇల్లంటే చావు జరిగిన ఇల్లు. చితికి ఇంటికో మోపు ఇవ్వడం మా ఆచారం.

నాలుగో రోజు మంచు ఆగింది. వీపున కట్టెల మోపులతో, ముందు లామాగారితో, అవతలి ఊరి మగవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ మా గుమ్మంలోకి వచ్చారు. అన్న పొయ్యి పక్కన రొట్టె నములుతున్నాడు.

"ఎవర్రా పోయింది?" అన్నాడు కంగారుగా.

"నువ్వే బావా!" అన్నాడు తోబ్దన్.

"లోపలికి రండి, పోయినాయనే టీ పోస్తాడు," అంది పల్మో.

చితికని బయల్దేరిన కట్టె తిరిగి ఇల్లు చేరకూడదు. ఏం చేయాలో తోచక అందరూ లామాగారి వంక చూశారు. ఆయన కప్పు దించి, "ఇవి అంగ్రుప్ కోసం కాలాల్సినవి. అతను మంట లోపల ఉంటేనేం, పక్కన కూర్చుంటేనేం!" అన్నాడు.

పండగ దాకా ఆ మోపులే కాలాయి. ఫాగ్లీ రోజున అన్న గీత దగ్గర కూర్చుని గొడవకి దిగాడు.

"ఇది మోసం! ఆ కట్టెలు నావి. నా కోసం తెచ్చినవి!"

"అవును మామయ్యా. మీ కట్టెలు మీరు కాల్చుకున్నారు. నావి అదిగో, గోడ దగ్గరే ఉన్నాయి."

అన్న గీత వంక చూశాడు, దొంతి వంక చూశాడు. తర్వాత లేచి, పెట్టెలోంచి తెల్ల పట్టు కండువా తీసి కోడలి మెడలో వేశాడు. "నా పేరునా ఓ దీపం పెట్టు. ఎలాగూ చచ్చి బతికాను," అన్నాడు.

పల్మో నిన్న పొద్దున బస్సెక్కింది. లోయలోకొచ్చే సొరంగం దగ్గర దారి మంచుతో మూసుకుపోకుంటే మార్చి ఎనిమిదో తారీకు సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది.