లినక్స్ ఎక్కిన ఏనుగులు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన నాకు, నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే రామన్నపేటలో మా మేనమామ నడిపే డిజైన్ల దుకాణంలో పనికి చేరాను. నేతగాళ్లు వచ్చి నెమలో పువ్వో కావాలంటే కంప్యూటర్‌లో గళ్లుగళ్లుగా గీసి, కాగితం మీద అచ్చు తీసి ఇవ్వాలి. వాళ్లు ఆ గళ్లు లెక్కపెట్టి నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. మామ వాడే ప్రోగ్రాం విండోస్ కంటే ముందటి డాస్ కాలంనాటిది. నల్లతెర, మౌస్ అంటే ఏమిటో దానికి తెలియదు. కంప్యూటర్‌లో విండోస్ ఉండేది గానీ, వచ్చినవాళ్ల పెన్‌డ్రైవుల పుణ్యమా అని వారానికో వైరస్ పట్టేది. మహబూబ్‌నగర్‌లో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు (మేమంతా ఆమెను ప్రొఫెసర్ అనేవాళ్లం) విండోస్ బదులు లినక్స్ వేసుకుంటే వైరస్ భయం లేదంది. మామ నూలు కోసం ఊరెళ్లిన రోజు చూసి, ఫైళ్లు ఒక పెన్‌డ్రైవులో దాచి, విండోస్ తుడిచేసి లినక్స్ ఎక్కించాను.

మర్నాడు మామ కుర్చీలో కూర్చుని చాలాసేపు తెర వైపు చూశాడు. "కోడలా, మన నల్లతెర ఏడవోయింది?" అన్నాడు. నేను ప్రొఫెసర్‌కు ఫోన్ చేశాను. "విండోస్‌వి వైన్ ఉంటే నడుస్తయి, డాస్‌వి డాస్‌బాక్స్‌ల నడుస్తయి. ఫికర్ చేయకు" అంది. "అంటే రోజూ వైన్ ఉంటెనే పని నడుస్తదా?" అని నేను పెద్దగా అడిగాను. దుకాణంలో ముగ్గురు నేతగాళ్లు తలలెత్తారు. అది ప్రోగ్రాం పేరని ఎంత చెప్పినా, మామ రెండు రోజులు నా నీళ్ల సీసా వాసన చూశాడు.

చివరికి డాస్‌బాక్స్ ఎక్కిస్తే, డాస్ ప్రోగ్రాం తెర మీద ఒక చిన్న కిటికీలో తెరుచుకుంది. ఆ కిటికీలోకి వెళ్లిన మౌస్ బాణం మాయమై మళ్లీ బయటికి రాలేదు. మౌస్ చెడిపోయిందనుకుని కొత్తది తెప్పించాను, అదీ మాయమైంది. ఆ కిటికీ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటిదనీ, బయట దాచిన ఫైళ్లు లోపలిదానికి కనబడవనీ తెలిసేసరికి వారం పట్టింది. సరిగ్గా అప్పుడే అంచుల తాత వచ్చాడు. అంచులు నేయడంలో పేరున్న మనిషి. మనుమరాలి పెళ్లిచీరకు, ఎప్పుడో మామ గీసిపెట్టిన ఏనుగుల వరస కావాలన్నాడు. ఫైలు తెరిస్తే ఏనుగులన్నీ నెత్తిన బండ పడ్డట్టు పొట్టిగా ఉన్నాయి. ఫైలు చెడిపోయిందనుకుని, కాళ్ల దగ్గర నాలుగు వరసల గళ్లు చేర్చి, అందంగా నిలబెట్టి అచ్చు తీసిచ్చాను. మామకు చూపించాలని నాకు తోచలేదు.

రెండు వారాలకు తాత జానెడు గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచాడు. "బిడ్డా, నేనడిగింది ఏనుగులు. గివి లొట్టిపిటలు గదా" అన్నాడు. నిజమే, పొడుగు కాళ్ల మీద ఒంటెల్లాగే నడుస్తున్నాయి. మామ పాత కాగితం తీసి ఏనుగు ఎత్తున ఉన్న గళ్లు లెక్కపెట్టాడు. పాతదాంట్లో పద్దెనిమిది, నాదాంట్లో ఇరవై రెండు. ఫైలు మొదటినుంచీ బాగానే ఉంది; ఆ కిటికీలో బొమ్మ అదుముకుపోయి కనిపిస్తోంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. పెళ్లి ఇరవై రోజుల్లో ఉంది, కట్టిన ముడులన్నీ వృథా.

"ఏడ్వకు బిడ్డా" అన్నాడు తాత. "నువ్వు తెర సూసినవ్, నేను కాయిదం సూసిన. ఇద్దరం ఏనుగును సూడలె."

మర్నాటి నుంచి వాళ్లింటికెళ్లి, తాత భార్య అవ్వ పక్కన కూర్చుని ముడులు కట్టాను. నేను రెండు కట్టేలోగా అవ్వ పది కట్టేది, పైగా నా రెండూ విప్పి మళ్లీ కట్టేది. "కంప్యూటర్ల గిట్ల ఒక్కటొక్కటి కట్టవా?" అని అడిగింది. కట్టనని చెప్పడానికి సిగ్గేసింది. పెళ్లికి రెండు రోజుల ముందు చీర మగ్గం దిగింది.

ఇప్పుడు దుకాణం నాది. లినక్సే వాడుతున్నాను, దాని లోపల ఆ పాత నల్లతెరా ఉంది. బొమ్మ సరిగ్గా కనబడేలా డాస్‌బాక్స్ సెట్టింగుల్లో ఒక్క మాట మారిస్తే సరిపోతుందని తర్వాత తెలిసింది. అప్పట్లో నేనైన ఆ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది గానీ కోపం రాదు. పొట్టిగా కనబడ్డ ఏనుగులను చూసి ఆమెకు నిజంగానే జాలేసింది. చేతనైన సాయం చేసింది పాపం.