నొయ్యని కాలు

మా అవ్వకు కాళ్లు కాలవని వాడకట్టంత చెప్పుకునేది. అవ్వ అంటే నన్ను కన్నతల్లే, మా ఆర్మూర్ దిక్కు గట్లనే పిలుస్తం. ఉడకబెట్టిన పసుపును పొగలు లేస్తుండంగనే కల్లంల పోస్తరు. మిగతా ఆడోళ్లు జర చల్లారనియ్యి అని దూరం నిలబడేటోళ్లు. మా అవ్వ మాత్రం చీర ఎగజెక్కి, ఉత్తకాళ్లతోని అండ్లకు దిగి, కాళ్లు ఈడ్సుకుంట కుప్పను సాళ్లు సాళ్లుగ పరిచేది. "ఏం కాళ్లే నీయి, ఇనుపయా?" అని అందరు నవ్వితే ఇంకింత జోరుగ నడిచేది. నాకు సుత మస్తు గర్వం. "మా అవ్వకు నొప్పంటె ఏందో ఎర్కలేదు" అని కనబడ్డోళ్లకల్ల చెప్పేదాన్ని.

ముందునుంచి గట్ల లేకుండె. నా చిన్నప్పుడు ఆమె సుత అమ్మో అబ్బో అనుకుంట ఎగిరేది. నడిచీ నడిచీ కాళ్లు గట్టిపడ్డయని అందరం అనుకున్నం. ఆమె సుత గదే అనుకున్నది.

చెప్పులేస్కోరాదే అంటే కయ్యిమని లేచేది. "పసుపును చెప్పుకాలుతోని తొక్కుతరా? కండ్లు పోతయ్. లక్ష్మమ్మనే అది."

"మరి ఉత్తకాలుతోని తొక్కితే లక్ష్మమ్మకు ముద్దొస్తదా?" అని నేను.

"మొక్కి తొక్కుత గదనే, నోరు మూయ్."

నిజమే, రోజు కల్లంల దిగేముందు వంగి ఒక పసుపు కొమ్ము తీసి కండ్లకద్దుకునేది.

నిరుడు ఎడమ అరికాలుకు పులిపిర్లు లేచినయి. ముందు ఒక్కటే, అటెన్క దాని సుట్టు గుంపు. ఆనెకాయ అనుకొని సున్నం, పసుపు కలిపి కట్టింది. బ్లేడుతోని గీక్కున్నది. నేను సూసి లొల్లి పెడితే "నొస్తలేదు గదనే, నీకెందుకు గంత ఫికర్" అన్నది. నొయ్యకపోతే మాకు సుత సల్లగనే ఉండె. కాని పనిల పెట్టుకునే బాల్కొండ రైతు సూసిండు. "గా కాలుతోని మా పసుపుల దిగకు పెద్దమ్మా, బాగైనంక రా" అన్నడు. మర్యాదగనే అన్నడు. ఇంటికొచ్చి మా అవ్వ గోడకు ఒరిగి కూసున్నది. బువ్వ తినలే. పసుపు ఉడకబెట్టే రోజులు దగ్గరికొస్తున్నయి. గప్పటికి కాలు బాగుగాకపోతే ఆమెను కల్లం దిగనియ్యరు. కల్లం దిగకపోతే మా అవ్వ మా అవ్వ కాదు, గంతే.

ఇగ నేను ఫోన్ పట్టిన. మైక్రోవేవ్ తోని పులిపిర్లు పోగొడతరని అండ్లనే సూసిన. కోసుడు లేదు, కుట్లు లేవు. బువ్వ వేడి జేసే డబ్బల ఉండే శక్తే, సన్నటి మిషన్ కొనతోని పులిపిరికి రెండు సెకండ్లు తాకిస్తరు. లోపట వేడెక్కితే, ఇగ ఒంట్ల ఉన్న బలమే దాన్ని మెల్లగ ఎళ్లగొడతదట. అవ్వకు చెప్పిన.

"నా కాలును ఉడకవెడతరానే?"

"ఇన్నేండ్లు పసుపును ఉడకబెట్టినవ్ గదా, ఇప్పుడు నీ వంతు."

మస్తు రోజులకు నవ్వింది.

హైదరాబాద్ల చర్మం డాక్టర్ దగ్గరికి పోయినం. పడుసుపిల్ల, మంచి మాట. కాలు కడిగింది. ఎంత కడిగినా పసుపు రంగు పోలే. "షుగర్ ఉందామ్మా?" అని అడిగితే మా అవ్వ "నాకెక్కడి షుగర్ బిడ్డా, చాయ్ల సుత సక్కెర తక్కువేస్కుంట" అన్నది. రక్తం ఎన్నడు సూపించుకున్నది లేదు.

"చురుక్కుమంటది, జర ఓర్చుకోండి. అందరు కాలు గుంజుకుంటరు" అని డాక్టరమ్మ నన్ను అవ్వ చెయ్యి పట్టుకొమ్మన్నది. మిషన్ పెట్టింది, తీసింది. అవ్వ పైకి ఫ్యాన్ దిక్కు సూస్తున్నది.

"పెడుతున్నరా బిడ్డా?" అన్నది.

నేను పకపక నవ్విన. "మా అవ్వ గంతే డాక్టరమ్మా, పొగలొచ్చే పసుపుల నడుస్తది!"

డాక్టరమ్మ నవ్వలే. మిషన్ పక్కకు పెట్టేసింది. సన్నటి ప్లాస్టిక్ దారమసొంటిది చేతుల పట్టుకొని, "కండ్లు మూసుకోండమ్మా, నేను ముట్టినప్పుడల్ల చెప్పండి" అన్నది. అవ్వ బుద్ధిగ కండ్లు మూసుకున్నది. డాక్టరమ్మ బొటనవేలు ముట్టింది. మడిమ ముట్టింది. రెండో కాలు సుత ముట్టింది. అవ్వ చెవులు పెట్టి ఇంటున్నట్టు కూసున్నది. నా నవ్వు నోట్లనే ఆగిపోయింది.

"ఇంక మొదలువెట్టలేదా బిడ్డా?" అని అడిగింది, కండ్లు మూసుకునే.

గా ఎడమ కాలు వేళ్ల సందున ఒక పుండు బయటపడ్డది. లోపటికి దిగింది. పసుపు రంగుల కలిసిపోయి మా ఎవ్వలకు కనబడలే. రక్తం సూస్తే షుగర్ మస్తుగుంది. ఏండ్ల సంది ఉందట, నరాలు ఎప్పుడో సచ్చిపోయినయట. పులిపిర్ల మాట డాక్టరమ్మ మల్ల ఎత్తలే. నేను సుత అడగలే.

గా పుండు మానలే. దవాఖానల చుట్టు తిరిగినం, మందులు మారినయి, పట్టీలు మారినయి, పుండు మాత్రం పైకే ఎక్కింది. ఆఖరికి నిజామాబాద్ల గా కాలును మోకాలు కిందికి తీసేసిండ్రు. అవ్వ ఏడ్వలే. నేనే దవాఖాన మెట్ల మీద కూసొని, ఎవ్వలేమనుకుంటరని సుత సూడకుంట ఏడ్సిన. ఏం పాపం చేసిందని ఆమెకు గీ గతి!

ఇంటికి తెచ్చినంక ఒకనాడు పగటీలి నేను వంటింట్ల ఉన్న. "అబ్బా!" అని కేకేసింది. మా అవ్వ నోట గా మాట ఎన్నేండ్లకు ఇన్ననో. ఉరికిన. మంచం మీద లేచి కూసొని, కాలు లేని చోట దుప్పటిని రెండు చేతులతోని పట్టుకున్నది. కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి.

"కాలుతుందే బిడ్డా. అరికాలు కాలుతుంది. జర నీళ్లు పొయ్యవే."

తీసేసిన కాలు ఒక్కొక్కలకు గిట్ల నొస్తదని డాక్టర్లు ముందే చెప్పిండ్రు. గా ముచ్చట ఆమెకెట్ల చెప్పాలె? చెంబెడు నీళ్లు తెచ్చి, ఏం లేని గా దుప్పటి మీద పోసిన. పరుపు తడిసింది.

"ఇంకిన్ని పొయ్యి" అన్నది.