ఒక కూలర్, ఇద్దరు వియ్యంకులు

ఆ ఆదివారం హనుమకొండలోని మా అద్దె గదిలో ఉన్న సామాను: అమ్మకానికి పెట్టిన పాత కూలర్ ఒకటి, అది నడుస్తుందని చూపించడానికి బకెట్ నీళ్లు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఉన్న మనుషులు: నేను, మా ఓనరమ్మ, కూలర్ కోసం వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. వీటన్నిటిలో తన పని తాను సరిగ్గా చేసింది బకెట్ ఒక్కటే. ఒక పెళ్లి ఆగిపోయేదాకా వెళ్లిన కథ ఇది. ఆపబోయింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

చదివింది ఇంజనీరింగ్ కనుక ఏ పనైనా పద్ధతిగా చేస్తానని నాకు గట్టి నమ్మకం. పాత సామాన్లు అమ్మే యాప్‌లో కూలర్ ఫొటోలు పెట్టినప్పుడు లోపాలకు కూడా నంబర్లు వేశాను. ఒకటి, వెనక ఎడమ చక్రం తిరగదు. రెండు, రెండో స్పీడుకీ మూడో స్పీడుకీ తేడా చప్పుడులోనే, గాలిలో కాదు. మూడు, ఆన్ చేయగానే ముసలాయనలా ఒకసారి దగ్గుతుంది. ఇంత నిజాయితీ చూసి మీరు చప్పట్లు కొట్టబోతుంటే జర ఆగండి.

అంతకు ముందురోజే ఇంటర్నెట్‌లో ఒక చిట్కా చదివాను. కొనేవాళ్లను విడివిడిగా పిలవొద్దట, ఇద్దరినీ ఒకే సమయానికి రప్పిస్తే ఒకరిని చూసి ఒకరు ధర పెంచుతారట. వెంటనే కూలర్ అడిగిన ఇద్దరికీ ఒకే మెసేజ్ కొట్టాను: ‘మీ కోసమే ఆపాను. ఇంకెవరికీ చెప్పలేదు. ఆదివారం పదింటికి రండి.’

మొదట నర్సంపేట నుంచి మల్లయ్య వచ్చాడు. పత్తి రైతు, మాట పెద్దది, కండువా అంతకంటే పెద్దది.

“తమ్మీ, మోసం గీసం లేదు గద? వచ్చే నెల మా బిడ్డ పెండ్లి. చుట్టాలు ఎండకు అప్పడాలైతరు.”

నేను స్విచ్ మీద చెయ్యి వేశానో లేదో, ధర్మసాగర్ సారయ్య గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, కరెంటు పోయిన ఫ్యాను రెక్కల్లా నెమ్మదిగా ఆగిపోయారు.

“బావా! మీరిటెట్ల?”

“మీరెట్ల బావా?”

వీళ్లు ఏదో చుట్టాలన్నంత వరకే నాకు అప్పుడు అర్థమైంది. అసలు సంగతి తర్వాత తెలిసింది, మీకు మాత్రం ఇప్పుడే చెబుతాను. మల్లయ్య బిడ్డను సారయ్య కొడుక్కి ఇస్తున్నారు. నిశ్చితార్థం వారం కిందటే అయింది. అక్కడ నలుగురి ముందు “పెండ్లికి వచ్చినోళ్లకు షోరూం కూలర్లు పెట్టిస్త” అని మల్లయ్య, “కోడలు వచ్చేసరికి ఇంట్ల అన్ని కొత్తయే ఉంటయ్” అని సారయ్య గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు పాత కూలర్ ముందు ఎదురుపడ్డారు. ఎవరు బయటపడితే వారి పరువు గోవింద. దాంతోపాటు, ఇంకా పచ్చిగా ఉన్న సంబంధం కూడా.

ముందు మల్లయ్యే తేరుకున్నాడు. “ఈ పిలగాడు మా అక్క మనుమడు. ఎట్లున్నడో చూసిపోదామని వచ్చిన.”

“అట్లనా? పేరేంది?”

పాపం, ఆయనకు తెలిసింది యాప్‌లో నేను పెట్టుకున్న పేరొక్కటే. “టైగర్.”

“టైగరా?”

“టెక్ టైగర్. ముద్దుగ పిలుచుకుంటం.”

సారయ్య కూడా తక్కువ తినలేదు. “అరె, టైగర్ మాకు సుత చుట్టమే! మా తోడల్లుని తమ్ముని కొడుకు.”

నేను నోరు తెరిచాను. చెరో భుజాన్నీ చెరొకరు పిసికారు. మూసుకున్నాను. అప్పుడే చాయ్ పట్టుకొచ్చిన ఓనరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఏడాదిల ఒక్క చుట్టం రాకపాయె. ఇయ్యాల జాతర లెక్క దిగిన్రేందిరా?”

చుట్టాలిద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. నేను నిలబడ్డాను. వాళ్ల మధ్యన కూలర్.

“పాతదున్నట్టున్నది,” అన్నాడు సారయ్య దాని వంక చూడకుండా.

“పాత సామాను ఎవరు కొంటరు బావా! నేనైతే ముట్టను సుత.”

“ముట్టుడెందుకు, నేనైతే చూడనే చూడ.”

ఇంతలో నా ఫోన్ మోగింది. మల్లయ్య కండువా కింద నుంచి మెసేజ్ పెట్టాడు: ‘ఆయన పోయినంక ఆటో తెస్త. ఐదు వందలు ఎక్కువ ఇస్త.’ గోడ మీది క్యాలెండర్‌ను భక్తిగా చూస్తున్న సారయ్య నుంచి ఇంకొకటి: ‘నాకే ఉంచు. వెయ్యి ఎక్కువ.’

చిట్కా పనిచేస్తోంది! నా గుండె మూడో స్పీడులో తిరిగింది. సరిగ్గా అప్పుడే నాలోని పద్ధతి మేల్కొంది. ఒకరు చెప్పిన ధర ఇంకొకరికి తెలియకపోతే అది న్యాయమైన పాట ఎలా అవుతుంది? గొంతు సవరించుకున్నాను.

“అందరికీ న్యాయం జరగాలి కాబట్టి చెప్తున్నా. మల్లయ్యగారు ఐదు వందలు ఎక్కువ ఇస్తామన్నరు. సారయ్యగారు వెయ్యి అన్నరు. మల్లయ్యగారూ, మీరేమంటరు?”

సారయ్య చాయ్ కప్పు గాల్లోనే ఆగింది. ఓనరమ్మ నెత్తి కొట్టుకుంది.

“అంటే... మీరు కూలర్ కొననీకి వచ్చిన్రా బావా?” అన్నాడు మల్లయ్య.

“మరి మీరు?”

సారయ్య ముఖం మిరపకల్లంలా ఎర్రబడింది. కప్పు కింద పెట్టి లేచాడు. “నేను పోత. పెండ్లి ముచ్చట తర్వాత మాట్లాడుకుందాం.”

తర్వాత మాట్లాడుకోవడం అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. మల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను భయపడి అడ్డం పడ్డాను. “అయ్యో, తప్పు మీది కాదండీ! ఇద్దర్నీ పదింటికి రమ్మన్నది నేనే!”

మల్లయ్య టక్కున తిరిగాడు. “ఇద్దర్నా? నా కోసమే ఆపిన అంటివి గద?”

గుమ్మం దాకా వెళ్లిన సారయ్య ఆగాడు. “నాకు సుత గదే అన్నడు!”

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. అక్షరం తేడా లేదు. అంతదాకా ఒకరి మీద ఒకరికి రాబోయిన కోపం మొత్తం నా వైపు మళ్లింది. కొత్త వియ్యంకులను కలపడానికి విందులూ వినోదాలూ అక్కర్లేదు, తిట్టడానికి నాలాంటివాడు ఒకడు దొరికితే చాలు.

“కూసో బావా,” అన్నాడు మల్లయ్య. “ఇప్పుడు బేరం నువ్వూ నేనూ కలిసి చేద్దాం.”

“చక్రం తిరగదని నువ్వే రాసినవ్ గద తమ్మీ?”

“దగ్గుతదని సుత రాసిండు బావా.”

“దవాఖానల సూపెట్టాలె దీన్ని. ధర తగ్గియ్యి!”

యాప్‌లో పెట్టిన ధర కంటే కిందికి దించారు. నా లోపాల పట్టికే వాళ్ల చేతిలో కర్రయింది. చివరికి కూలర్‌ను ఆటోలో తమ మధ్యన కూర్చోబెట్టుకున్నారు.

“ఇంట్ల ఏమని చెప్పుదాం బావా?”

“చుట్టం పిలగాడు పెండ్లికి కానుక పెట్టిండని చెప్పుదాం. ఫికరెందుకు?”

అన్న మాట నిలబెట్టుకున్నారు. పెళ్లికి నన్నూ పిలిచారు. చదివింపుల దగ్గర మైకులో గట్టిగా చదివారు: “ఇటు పిల్లకు, అటు పిలగానికి, ఇద్దరికీ చుట్టమైన హనుమకొండ టైగర్ బాబు, కూలర్ ఒకటి!” పందిరంతా చప్పట్లు. ఆడవాళ్లు నన్ను చూపించి “మనసున్న పిలగాడు” అనుకున్నారు. నేను సిగ్గుపడుతూ దండం పెట్టాను. ఇంకేం చేయగలను?

అందుకే, ఇకపై పాత సామాను అమ్మబోయే నా కుడిచేతిని గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఒక వస్తువుకు ఒక్కరికే మాట ఇస్తాను. మొదటివారు వద్దన్నాకే రెండోవారిని పిలుస్తాను. ‘మీ కోసమే ఆపాను’ అని రాస్తే, నిజంగానే ఆపి రాస్తాను. చిట్కాలు చదవను.

ఆ మైకు విన్నవాళ్ల ఇళ్ల నుంచి ఈ ఎండాకాలం నాకు వచ్చిన శుభలేఖలు: ఏడు.