మజ్జిగ కుండ మీది పలక

మా ఇంట్లో మజ్జిగ కుండ మీద మొన్నటి దాకా స్టీలు మూత లేదు. నల్లరాతి పలకే మూత. బరువు గనక పిల్లి తొయ్యలేదు, రాయి గనక ఎండాకాలం కూడా చల్లగా ఉంటుంది. ఉన్న వస్తువుతో పని జరుగుతుంటే ఇంకొకటి కొనడం నాకు చేతకాదు.

మొదట అది బడి పలక. నేనూ చెల్లెలూ దాని మీదే అక్షరాలు దిద్దాం. నాయన మార్కాపురంలో పలకల షెడ్డులో పని చేసేవాడు. మూల విరిగి అమ్మకానికి పనికిరాని పలక ఒకటి ఇంటికి తెచ్చాడు. ఆయనకు చదువు రాదు. షెడ్డు గుమాస్తా చేత ఒక పక్కన బలపంతో అక్షరాలు రాయించుకొని, చెరిగిపోకుండా వాటి మీదే మేకుతో లోతుగా గీశాడు. మొదటి అక్షరం దగ్గరే మేకు జారింది. మా పలక మీద ‘అ’ కొస కిందికి సాగిపోయి ఉండేది. బళ్లోనూ అట్లాగే రాసి దెబ్బలు తిన్నాను. రెండో తరగతిలో నన్ను మేకల వెంట పంపారు. చదువు అంతటితో సరి. పలక కుండ మీదికెక్కింది.

చెల్లెలు తర్లుపాడులో ఉంటుంది. పెద్దతనంలో ఆమెకు చూపు పోయింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆటో దిగి, గోడ పట్టుకొని నేరుగా వంటింట్లోకి పోయేది. మూత తీసి మజ్జిగ ముంచుకునేది. తాగుతూ, పలక ఒళ్లో పెట్టుకొని వేలితో ఆ గీతలు తడిమేది.

“ఇంకా ఎన్నేండ్లు దిద్దుతావే? పరీక్షలేమన్నా ఉన్నాయా నీకు?” అనేదాన్ని.

“నువ్వు రెండన్నా చదివినావు, నేను ఒకటి కూడా దాటలే. దిద్దుకోనీ అక్కా. నాయన చెయ్యి పట్టుకున్నట్టుంటది.”

ఆ మాట నేను చెవిన వేసుకోలేదు. నాకు కళ్లున్నాయి.

మొన్న ఎండల్లో పలక కడుగుతుంటే జారి ఇంకో మూల విరిగింది. మనవరాలు చూసి, “ముక్కలయ్యేదాకా మూత పెడ్తావా అవ్వా? ఫ్రేమ్ కట్టిస్తే పదికాలాలు ఉంటది గదా” అంది. నిజమే అనిపించింది. సంచిలో పెట్టుకొని పటాలు కట్టే దుకాణానికి నేనే పోయాను.

దుకాణమతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక పక్క అక్షరాలు, ఇంకో పక్క కుండ మూతి అచ్చు.

“ఇదేంది అవ్వా, పలకా, మూతా?”

“రెండూ.”

“దేవుళ్లకు కట్టినా, పెండ్లి ఫోటోలకు కట్టినా. కుండ మూతకు కట్టేది ఇదే మొదలు. ఏ పక్క కనపడాల?”

“మా నాయన గీసిన పక్క. అద్దం వద్దు. రాయికి అద్దమేంది? ఆ ఖర్చు తగ్గించు.”

తగ్గించాడు. నేను కదల్లేదు. బేరం తెగినాక కొసరు అడక్కుండా ఏ అంగడీ దిగినదాన్ని కాదు.

“కొసరేమియ్యాల అవ్వా? ఇవేమన్నా వంకాయలా?”

“నీ దగ్గర ఏముంటే అదే ఇయ్యి నాయనా.”

అతను నవ్వాడు. “సరే. గీతలు సరిగ్గా కనపడటం లేదు గదా, తెల్లరంగు నింపి ఇస్తా. ఊరికే.”

ఊరికే అన్నాక నేను ఇంకేమీ ఆలోచించలేదు.

పటం ఇంటికొచ్చింది. చెక్క చట్రంలో నల్లరాయి, దాని మీద తెల్లటి అక్షరాలు. వాకిట్లోంచే చదవొచ్చు. చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

తర్వాత చెల్లెలు వచ్చింది. వంటింట్లో ఆమె చేతికి స్టీలు పళ్లెం తగిలింది.

“పలకేదక్కా?”

“పటం కట్టించినా. ఎంత బాగుందనుకున్నావు!”

గోడ మీంచి దింపి ఒళ్లో పెట్టాను. ఆమె వేలు చట్రం దాటి రాతి మీదికి పోయింది. ఆ చివరి దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఎక్కడా ఆగలేదు.

“తుడిచేసినావా?”

“తుడవలేదే. ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి.”

“నాకు లేవు గదక్కా.”

నేనూ వేలు పెట్టి చూశాను. కొసరు రంగు గీతల్ని రాతితో సమానంగా పూడ్చేసింది. ఆ రోజు ఆమె మజ్జిగ ముట్టకుండా ఆటో ఎక్కింది.

పటం చంకలో పెట్టుకొని మళ్లీ దుకాణానికి పోయాను. “రాయి పట్టేసింది అవ్వా. గోకాల్సిందే. గోకితే పలక పొరలు లేస్తది, నా వల్ల కాదు” అన్నాడు. అతన్ని అనడానికేముంది? అడిగి తీసుకున్నది నేను.

ఇంటికొచ్చి, గోతాలు కుట్టే దబ్బనంతో మొదటి అక్షరం గోకడం మొదలుపెట్టాను. జారకుండా ఊపిరి బిగబట్టి గోకాను. తెల్లపొడి రాలింది, దానితో పాటు నల్లపొర కూడా కొంచెం లేచింది.

ఈసారి చెల్లెలు రాగానే వేలు పట్టుకొని దాని మీద పెట్టాను. మెల్లగా దిద్దింది. కొస దగ్గర వేలు ఆగి వెతికింది. కిందికి సాగిన గీత కోసం. అక్కడ పొర లేచిపోయింది. నా దబ్బనం అక్షరం కొసను గుండ్రంగా తిప్పేసింది.

“బాగా రాసినావక్కా,” అంది. “ఇది నీ అ.”

దబ్బనం తీసి గోతాల్లో గుచ్చేశాను. మిగిలిన అక్షరాల జోలికి మళ్లీ పోలేదు. అవి గోడ మీద తెల్లగానే ఉన్నాయి. వాకిట్లోంచి నాకు బాగా కనపడతాయి.